పుట్టుక గీత

కృత్తిక కార్తె

ఎలుగు తల ఉడకబెట్టడానికి ఈ రోజు నీళ్లు చాలలేదు. ల్యాబుకి వచ్చే వాటాలో నేనూ నా సహాయకుడు జిలానీ తాగగా మిగిలినవే చచ్చినవాటికి. చివరికి జిలానీ తన స్నానం మానుకుని ఆ బిందె తెచ్చి కుండలో పోశాడు. "దీనికన్నా నేను శుభ్రంగా ఉండాలని రూలేం లేదు కదా మేడమ్" అన్నాడు. వాసన చూస్తే ఇద్దరిదీ ఒకటే.

నేను పశువుల డాక్టర్ని. బతికున్న గొడ్డుకి సూది వేసి చాలా ఏళ్లయింది. నల్లమలలో ఎవరు ఏ జంతువును చంపినా శవం నా బల్ల మీదికి వస్తుంది. ఎలా చచ్చిందన్నది పెద్ద ప్రశ్న కాదు, ఉచ్చు వైరు మెడలోనే ఉంటుంది. కోర్టుకు కావలసింది ఒక్క మాట. ఇది కాన్పుదా, అచ్చుదా?

ఆ మాట పన్ను చెబుతుంది. పంటిని ఉల్లిపొరంత పలచగా కోసి వెలుగు కింద పెట్టి చూస్తాను. తల్లి కడుపులోంచి బయటపడే రోజు ప్రతి పిల్లా ఒక కుదుపు తింటుంది. ఆ కుదుపు పంటిలో సన్నని నల్లగీతగా మిగిలిపోతుంది. అచ్చుశాల తొట్లలో పెరిగినవాటికి ఆ గీత ఉండదు. వాటినెవరూ కనలేదు, మూత తీశారంతే. గీత ఉంటే కాన్పుది, చంపినవాడికి జైలు. లేకపోతే అచ్చుది, చంపినవాడు అచ్చుశాలతో రాజీపడి సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు.

ఈ రోజు పంటిలో గీత ఉంది. ఈ ఎండల్లో వచ్చిన మూడు ఎలుగులూ కాన్పువే. మూడింటికీ మెడ వెనక జూలు తోలుతో సహా కోసేసి ఉంది. తలలు మాత్రం చెక్కుచెదరలేదు. పాత వేటగాళ్లు ముందు తలనే మాయం చేసేవాళ్లు, పళ్లు నా చేతికి చిక్కకూడదని. వీళ్లెవరో శవాన్ని బాట పక్కన, జీపు ఆగేచోట, నీడలో పెట్టి మరీ పోతున్నారు.

"వాళ్లకి భయం పోయింది మేడమ్" అన్నాడు జిలానీ.

"బుద్ధి పోయింది" అన్నాను నేను. ఫలితం ఎప్పటిలాగే అందరూ తమ చేతిపలకల్లో చూసేలా పెట్టేశాం, ఆ ఎలుగు వెంట్రుకను పోల్చుకునే గుర్తుతో సహా. దాపరికం లేకపోతే వేటగాళ్లు జంకుతారని పై ఆఫీసు నమ్మకం. పై ఆఫీసుకి నమ్మకాలెక్కువ.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండ ఉగాదికే మొదలైంది కాబట్టి రోహిణికి ఇక పగలడానికి రోళ్లేవీ మిగల్లేదు. మధ్యాహ్నం సైరన్ మోగాక బయట తిరిగితే శిక్ష. అయినా మంతన్న తిరుగుతాడు. సైరన్ ఊరోళ్లకి, అడివికి కాదంటాడు.

మంతన్న చెంచు, ఎర్రపెంట గూడెం మనిషి, అడవి కావలి. నన్ను నువ్వంటాడు, కలెక్టర్ని కూడా నువ్వే అంటాడు. ఎలుగు చచ్చిన ప్రతిసారీ పోలీసు జీపు ముందుగా ఎర్రపెంటకే పోతుంది. బొడ్డుగోచి కట్టినవాడి మీదే ఇప్పటికీ అనుమానం. పోయిన వారం మంతన్న తమ్ముణ్ణి రెండు రోజులు కూర్చోబెట్టి పంపారు. అందుకే మంతన్నకు ఇప్పుడొకటే పంతం, చంపేవాణ్ణి శవంతో సహా పట్టుకోవాలని.

"నేరేడుగట్టు మీద ఒక ఆడది తిరగతాంది డాక్టరమ్మా. ఈపు మీద రెండు పిల్లలు. గుడ్డేలుగు పిల్లల్ని మోసుకోని పోతాంటే సూసి ఎన్నేండ్లయింది నాకు!"

"ఎవరికీ చెప్పకు" అన్నాను.

"నీకు జెప్తి కదా" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అచ్చు ఎలుగులు ఈనవు, కాబట్టి ఆ కొండ మీద తల్లీ కాన్పుదే, పిల్లలూ కాన్పువే. కోయకుండానే, పన్ను చూడకుండానే తెలిసిన సంగతి నా ఉద్యోగంలో ఇదొక్కటే. ఆ రోజంతా నేను ఊరికే సంతోషంగా ఉన్నాను. జిలానీ రెండుసార్లు జ్వరమేమోనని అడిగాడు.

రోహిణి చివర

నంద్యాల వెళ్లి వచ్చాను. సుంకమ్మ వదిన మనవడికి చెవులు కుట్టించారు. పిల్లవాడికి మూడేళ్లు. సైరన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడి, రాత్రంతా ఒళ్లు కాలేలా జ్వరం తెచ్చుకునేవాడు. ఇప్పుడు ఈ వయసు పిల్లలందరికీ అదే దడుపు. ఈసారి సైరన్ మోగింది, వాడు తల కూడా తిప్పకుండా బూరె తింటున్నాడు.

"ఏం మందు వాడారు వదినా?"

"మందేంది? తాయెత్తు" అంది వదిన, వాడి చొక్కా ఎత్తి చూపిస్తూ. నల్లతాడుకు రాగి గొట్టం. "ఎలుగు ఎంటిక. మొదట కట్టించింది దొంగది, అచ్చు ఎలుగుదంట. దానికి దడుపు యాడ పోతాది? కన్నతల్లి లేని జంతువు, దానికే దిక్కులేదు, పిల్లోణ్ణి ఏం కాస్తాది? ఇది మాత్రం కాన్పుది. గట్టిగా చూసి తీసుకున్యాం."

"ఎలా చూశారు?"

వదిన నా అమాయకత్వానికి జాలిపడినట్టు చేతిపలక తీసి గొట్టం కింద పెట్టింది. పలక మీద పచ్చదీపం వెలిగింది. కింద కేసు సంఖ్య, దాని కింద నా పేరు.

"నీ సంతకం ఉంటే ఇంక తిరుగులేదంట లింగీ. అమ్మేటోడే అన్యాడు. ఆ డాక్టరమ్మ మా ఆడబిడ్డే అని చెప్తే వాడు నాకు దండం పెట్న్యాడు!"

బూరె నా నోట్లోనే ఉంది. మింగలేదు, ఉమ్మనూ లేదు. తలలెందుకు వదిలేస్తున్నారో, నీడలో ఎందుకు పెడుతున్నారో ఆ క్షణంలో అర్థమైంది. శవం నాకు దొరక్కపోతే పన్ను లేదు, పన్ను లేకపోతే నా మాట లేదు. నా మాట లేకపోతే వాళ్ల దగ్గరున్న జూలు వట్టి బొచ్చు. బంగారానికి ముద్ర కొట్టేవాడిలా నేను కూర్చుని ముద్రలు కొడుతున్నాను. వాళ్లు చంపుకొచ్చి వరసలో నిలబడుతున్నారు.

వదినకు చెబుదామనుకున్నాను. పిల్లవాడు బూరె చేత్తోనే నా ఒళ్లోకి ఎక్కి నిద్రపోయాడు. చెప్పలేదు.

మృగశిర కార్తె

మంతన్న పంతం నెగ్గింది. నేరేడుగట్టు కింద బాట పక్కన ఎలుగును దించుతున్నవాణ్ణి వెనక నుంచి పట్టుకుని, తువ్వాలతో చేతులు కట్టి, స్టేషను దాకా నడిపించుకుపోయాడట. దారి పొడుగునా ఎర్రపెంట ఆడవాళ్లు వెంట నడిచారట. ల్యాబుకి వచ్చి ఆ కథ నాకు మూడుసార్లు చెప్పాడు. మూడోసారి వాణ్ణి పట్టుకున్నప్పటి కేక కూడా వేసి చూపించాడు.

"ఇంక మా పెంటకు జీపు రాదు గదా డాక్టరమ్మా? నువ్వు రాస్తే వానికి జైలే గదా?"

బల్ల మీద ఉన్నది ఆడ ఎలుగు. కడుపు నిండా నేరేడు గింజలు, చెదలు. రొమ్ములు నొక్కితే పాలు వచ్చాయి. రెండు చన్నుల చుట్టూ బొచ్చు అరిగి, తోలు మెత్తబడి ఉంది. పిల్లలు రెండు అన్నమాట. మంతన్న అటు చూశాడు, నేనూ చూశాను. జిలానీ పాలు తుడవడానికి గుడ్డ తెచ్చి, తుడవకుండా పట్టుకుని నిలబడ్డాడు.

నిందితుడి చేతి గోళ్ల కింద నెత్తురు తీసుకోవడానికి స్టేషనుకు వెళ్లాను. పేరు చౌడప్ప. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. చేతులు తనే చాపాడు.

"డాక్టరమ్మా, కాన్పుదే గదా?"

"నీకెందుకు? కాన్పుదైతే ఏడేళ్లు పడతాయి."

"పడనీలేమ్మా. నేను లోపలికి పోతే పోతా. జూలు మావోళ్ల కాడ ఉండాది. నువ్వు మాత్రం సక్రమంగా రాయి. మా పిల్లోళ్లు దాని మీదే బతకాల." తరువాత గొంతు తగ్గించి, నాకేదో మేలు చేస్తున్నట్టు అన్నాడు: "దానికి పిల్లలుండాయమ్మా. నువ్వు రాసినంక మావోళ్లు వాటి కోసం పోతారు. తల్లిది కాన్పని తేలితే పిల్లలవి మళ్లీ చూసే పన్లే."

నేరం చేసినవాడు నిజం రాయమని బతిమాలడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి. తిరిగి వస్తుంటే నాకు కోపం రాలేదు. భయమేసింది.

మృగశిర, నాలుగు రోజుల తరువాత

గీత చాలా స్పష్టంగా ఉంది. ఇంత మంచి గీత నేను ఎప్పుడూ చూడలేదు. దాన్ని చూస్తూ పొద్దంతా కూర్చున్నాను.

కాన్పుదని రాస్తే చౌడప్ప జైలుకు పోతాడు, మంతన్న తలెత్తుకుంటాడు, పచ్చదీపం వెలుగుతుంది, వేటగాళ్లు నేరేడుగట్టు ఎక్కి పిల్లలను దింపుతారు. అచ్చుదని రాస్తే చౌడప్ప ఇంటికి పోతాడు, వాళ్ల దగ్గరున్న జూలు చెత్తబుట్టకు పోతుంది. నేరేడుగట్టు మీద తిరిగేవన్నీ అచ్చువేనని పేరు పడితే, ఆ కొండను ఎవడూ ఎక్కడు. ఆరేడు నెలల పిల్లలు, పండ్ల కాలం. తల్లి లేకపోయినా ఒకవేళ బతకొచ్చు. ఆ 'ఒకవేళ' మీదే అంతా.

అచ్చు అని రాశాను. పాల సంగతి రాయలేదు. జిలానీ నా భుజం మీదుగా చదివాడు. పోయి నీళ్ల బిందె కడిగాడు. అది కడగాల్సిన బిందె కాదు.

ఆరుద్ర కార్తె

చౌడప్పను వదిలేశారు. వదిలేటప్పుడు ఏడ్చాడట, మోసం జరిగిందని. కోర్టు బంట్రోతు నవ్వుతూ చెప్పాడు.

మంతన్న వచ్చాడు. గడప దాటలేదు.

"పాలు సూసినావు గదా నువ్వు?"

"చూశాను."

"నీ చేతి మీదే కారె గదా?"

"మంతన్నా, పిల్లల కోసమే రాశాను. విను..." అని మొత్తం చెప్పాను, తాయెత్తు, పచ్చదీపం, చౌడప్ప మాట. అతను శ్రద్ధగానే విన్నాడు. అర్థమైంది కూడా.

"సరేలే" అన్నాడు చివరికి. "నీ లెక్క నీకుండొచ్చు. అచ్చుదాన్ని మోసుకొచ్చినోణ్ణి కట్టేసి కొట్టినాడని నా మీద కేసు రాసినారు. తువ్వాలతో కడితి, కొట్టలే. జీపు మళ్లా మా పెంటకే వచ్చె."

మేలు చేయబోతే కీడు ఎదురైందంటారు. నేను చేసింది మేలు కూడా కాదు, మేలు లాంటిది.

అయినా ఈ కార్తె అంతా ఒక్క ఎలుగు కూడా రాలేదు. నా అబద్ధం పనిచేస్తోందని రోజూ పొద్దున్నే అనుకుని లేస్తున్నాను. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. నాలుగు చినుకులు పడ్డాయి, వాటినే కురవడం అనుకున్నాను.

పునర్వసు కార్తె

ఇన్నేళ్లలో తప్పిపోయిన జంతువుల కోసం అచ్చుశాలవాళ్లు ఒక్కసారి కూడా అడవిలోకి రాలేదు. పోయినదాన్ని వెతికేకన్నా కొత్తది తీయడం వాళ్లకు తేలిక. ఈసారి మాత్రం రెండు బళ్లలో దిగారు. నేను అచ్చు అని రాసిన ఎలుగు వాళ్ల తొట్లలో దేనికీ సరిపోలలేదట. అంటే ఎవరో దొంగతనంగా అచ్చు వేస్తున్నారట. దొంగ అచ్చు రోగాల పుట్ట, చట్టం ప్రకారం దొరికిన ప్రతిదాన్నీ చంపేయాలి.

ఇది నాకు తట్టలేదు. వేటగాడు కొండ ఎక్కకుండా చూసుకున్నాను కానీ, యజమాని ఎక్కుతాడని అనుకోలేదు.

నిన్న ఒక పిల్లను పట్టుకొచ్చారు. ఆడది. బోనులో మూల చేరి తన పాదం తనే చప్పరిస్తూ, తుమ్మెద రొద లాంటి చప్పుడు చేస్తోంది. పాలు తాగే పిల్లలు చేసే చప్పుడు అది. వచ్చిన మేనేజరు మంచివాడే. చేతులు కట్టుకుని, "మీరొక సంతకం చేస్తే మేడమ్, దీని పని ముగించి వెళ్లిపోతాం" అన్నాడు.

సంతకం చేయలేదు. పిల్లకు మత్తిచ్చి ఒక పాలపన్ను తీశాను. వదులుగానే ఉంది, ఎలాగూ రాలిపోయేదే. కోసి చూశాను. గీత ఉంది. వాళ్లమ్మ గీత కన్నా సన్నగా, కానీ ఉంది. అప్పుడే కూర్చుని ఉత్తరువు ఇచ్చే అధికారికి రాశాను: తల్లి విషయంలో నేను తెలిసి తెలిసి అబద్ధం రాశాను, అది కాన్పుది, ఈ పిల్లా కాన్పుదే. ఉద్యోగం పోతుంది, జైలు కూడా ఉండొచ్చు. పోనీ. రాస్తుంటే చాలా రోజుల తరువాత చేతికి హాయిగా అనిపించింది.

జిలానీ పిల్లకు బియ్యపు గంజిలో తేనె కలిపి పెట్టాడు. గిన్నెతో సహా నాకేసింది.

పునర్వసు, విచారణ

విచారణాధికారి నాకన్నా చిన్నవాడు, నెమ్మదస్తుడు. మంచినీళ్లు ఇప్పించాడు.

"అమ్మా, అబద్ధం రాయడం ఇదే మొదటిసారి అంటున్నారు. మొదటిసారేనని మేమెలా నమ్మాలి?"

"పన్ను చూడండి" అన్నాను. మైక్రోస్కోపు అతని ముందుకు జరిపాను. చూశాడు. ఓపిగ్గా చూశాడు.

"గీత కనబడుతోంది. ఇది ఈ పిల్ల పన్నేనని చెప్పేది కూడా మీరే కదా?"

"ఇంకో ల్యాబుకి పంపండి."

"ఇంకో ల్యాబు ఎక్కడుందమ్మా? యంత్రాలున్నాయి, గీత చదివే మనిషి మీరొక్కరే." అది చెప్పడానికి అతనికి కూడా బాధగానే ఉంది. "సందేహం ఉన్నచోట అచ్చుగానే లెక్క కట్టమంటుంది చట్టం. నేను రాసింది కాదు."

అంతటితో అయిపోలేదు. ఒకసారి బొంకిన సాక్షి మాట ఏ కేసులోనూ చెల్లదు. నా సంతకం ఉన్న నివేదికలన్నీ కొట్టేశారు. వాటి మీద జైలుకు పోయినవాళ్లందరూ బయటికి వస్తున్నారు. నేను కాన్పని తేల్చిన ప్రతి ఎలుగూ, ప్రతి చిరుతా, ప్రతి దుప్పీ ఒక్క పూటలో అచ్చుదైపోయింది. కాగితాల ప్రకారం నల్లమలలో నేను చూసినంత కాలం కాన్పు జంతువన్నదే లేదు. అవన్నీ నా బల్ల మీదే పడుకున్నాయి. వాటి కడుపులో ఏ పండు ఉందో కూడా నాకు గుర్తుంది.

నేను ఏడ్చాను. అధికారి మళ్లీ మంచినీళ్లు ఇప్పించాడు.

పుష్యమి కార్తె

పిల్లను కరెంటుతో చంపుతామన్నారు. నేనే చేస్తానన్నాను. నా పట్టా రద్దయింది, సూది ముట్టుకునే హక్కు లేదు. మేనేజరు కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. జిలానీ దాని తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లకు బతికున్నదానికి సూది వేశాను. రొద చేస్తూ చేస్తూ ఆపేసింది. అంతకన్నా రాయలేను.

తరువాత అధికారి ఫోన్ చేశాడు. ఫైలు మూసేముందు ఒక్క ప్రశ్న మిగిలిందన్నాడు.

"పిల్లలు ఎన్నమ్మా? ఇదొక్కటేనా?"

రెండు చన్నుల చుట్టూ అరిగిన బొచ్చు నా కళ్ల ముందు ఉంది.

"ఒకటే" అన్నాను.

అవతల రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "మంచిదమ్మా" అని పెట్టేశాడు. గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఈ పొద్దున అచ్చుశాలవి నాలుగు బళ్లు వచ్చాయి. పైన ఎగిరే కళ్లు, వలలు, కుక్కలు. బళ్లన్నీ ఎర్రపెంట దారిలోంచే నేరేడుగట్టు వైపు పోయాయి. వాటి వెనకే మంతన్న పరుగున వచ్చాడు. ఈసారి గడప దాటి లోపలికొచ్చాడు. ఆయాసపడుతున్నాడు.

"రెండోది ఉండాదని చెప్పినావా నువ్వు?"

"లేదు మంతన్నా. ఒకటేనని చెప్పాను."

"మరింక ఎందుకు ఎక్కతాండారు?"

"ఒకటేనని చెప్పింది నేను కాబట్టి."

అతను నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. కొండ మీద కుక్కలు మొరగడం మొదలైంది. ఇద్దరం వింటున్నాం.